వసంతకాలపు బంతియాట



ఉగాది సమీపించు దినములలో మన పల్లెలయందు వేపపూత రాలుచుండును. పరీక్షలు ముగిసిన పిల్లలును, ముగియని పిల్లలును గూడ బిళ్ళంగోడు పట్టుకొని బయళ్ళవెంట పరుగులిడుచుందురు. వారిని జూచి పెద్దలమైన మనము, "వీరికి ఆట తప్ప మరేమియు పట్టదు గదా" యని విసుగుకొనుచుందుము. సరిగా ఆ దినములలోనే జపాను దేశమున బడిపిల్లల బంతియాటను చూచుటకు వేలకొలది జనులు ఒకచోట గుమిగూడుదురు. రాలేనివారు రేడియోవద్దను టెలివిజనువద్దను కూర్చుందురు. ఆ పోటీలను గూర్చి నాలుగు మాటలు మీకు విన్నవింపదలచితిని.

ఆ ఆటకు బేస్‌బాల్ అని పేరు. 1872 ప్రాంతమున టోక్యోలో పాఠములు చెప్పుటకు వచ్చిన ఒక అమెరికను ఉపాధ్యాయుడు దానిని తన శిష్యులకు నేర్పెను. అది కొంత క్రికెట్టును, కొంత మన బిళ్ళంగోడును పోలియుండును. పక్షమునకు తొమ్మండుగురు. ఒకడు దిబ్బపై నిలిచి బంతి విసరును. ఎదుటివాడు గుండ్రని కోలతో దానిని కొట్టి, నేలపై నాలుగు మూలలను గుర్తించిన స్థానములను చుట్టి, బయలుదేరిన చోటికి చేరినచో ఒక పరుగు. ముగ్గురు ఔటైనచో వంతు మారును. ఇట్టి వంతులు పక్షమునకు తొమ్మిది.

జపానులో ఉన్నత పాఠశాలల బాలురకు ఏటేట రెండు గొప్ప పోటీలు జరుగును. వేసవి పోటీ 1915లో ప్రారంభమైనది. వసంతకాలపు పోటీ 1924లో నగోయా నగరమున ఎనిమిది పాఠశాలలతో మొదలైనది. మరుసటి యేటినుండి అది కోషియెన్ అను క్రీడాస్థలమునకు మారినది. ఈ పేరు మనకు సులభముగా బోధపడును. మనకు ప్రభవాది అరువది సంవత్సరముల చక్రమున్నట్లే వారికిని అరువదేండ్ల చక్రమొకటి కలదు. అందు మొదటి సంవత్సరము 1924లో పడినది. ఆ శుభవత్సరమున కట్టిన స్థలమగుటచే ఆ యేటి పేరునకు తోట యను అర్థమిచ్చు "ఎన్" అను మాటను చేర్చి, దానికి నామకరణము చేసిరి. నేడందు సుమారు నలుబది యేడువేల మంది కూర్చుండవచ్చును.

ఈ రెండు పోటీలకును ఒక ముఖ్యభేదము కలదు. వేసవి పోటీకి మూడువేలకు పైబడిన పాఠశాలలు తమ తమ మండలములలో పోరాడును, గెలిచినవారే వత్తురు. వసంతకాలపు పోటీకి మాత్రము పిలుపు రావలెను. శరత్కాలమున ప్రాంతీయముగా ఆడిన ఆటలను పరిశీలించి, పెద్దల సంఘమొకటి జనవరి నెలలో సాధారణముగా ముప్పదిరెండు పాఠశాలలను ఎంపికచేయును. అనేక సంవత్సరములు ఆ దినమున ప్రధానోపాధ్యాయుడు టెలిఫోను చెంత కూర్చుండుటయు, పిల్లలు వెలుపల ఊపిరి బిగబట్టి నిలుచుటయు వాడుకగా నుండెను.

పెద్దలు ఎంపికచేయునపుడు వాదములు పుట్టకుండునా? 2022లో తన ప్రాంతపు అంతిమ పోటీవరకు వచ్చిన ఒక పాఠశాలను విడిచి, అంతకు ముందే ఓడిన మరియొక పాఠశాలను పిలిచిరి. దేశమంతటను అలజడి రేగెను. ఎంపిక చేయువారికి అధికారమే కాక, కారణము చెప్పు బాధ్యతయు కలదని ఆనాడు తేటపడినది.

అయినను ఈ పద్ధతిలో ఒక మేలు కలదు. 2001 నుండి కొన్ని స్థానములను గెలుపులను మాత్రమే చూడక, ప్రకృతి వైపరీత్యములను, ఆటగాండ్ర కొరతను, ఇతర కష్టములను ఓర్చి నిలిచిన పాఠశాలలకు ఇచ్చుచున్నారు. ఆ మొదటి యేటనే ఒకినావా ద్వీపమునందలి గినోజా అను గ్రామమునకు చెందిన పాఠశాల ఇట్లు పిలువబడి, చివరి నాలుగింటిలో ఒకటిగా నిలిచినది. దయదలచి పిలిచితిమని తలచినవారు ఆ పిల్లల ఆటను జూచి ఆశ్చర్యపడిరి.

చిన్న ఊళ్ళ మాట వచ్చినది గనుక ఇకేదా పాఠశాల సంగతి చెప్పవలెను. ఇది షికోకు ద్వీపమున కొండల నడుమనున్న చిన్న పట్టణము. త్సుతా ఫుమియా అను ఉపాధ్యాయుడు 1952 నుండి అచ్చటి పిల్లలకు ఆట నేర్పెను. ఆయన యుద్ధకాలమున నౌకాదళపు విమానశాఖలో పనిచేసి ప్రాణములతో తిరిగివచ్చినవాడు. 1974 వసంతమున ఆయన తన జట్టుతో కోషియెనునకు వచ్చెను. ఆ జట్టులోని వారందరును కలిపి పదునొకండుగురే! తొమ్మండుగురు ఆడుచుండగా మిగిలినవారు ఇద్దరు. ఎదురైన జట్లను ఒక్కొక్కదానిని ఓడించుచు వారు అంతిమ పోటీవరకు సాగి, అందు ఓడిపోయిరి. విజేతలకంటె ఆ కొండపిల్లల పేరే జనుల నాలుకలపై నిలిచినది. 1983 వసంతమున అదే గురువు శిక్షణలో ఆ పాఠశాల విజయపతాకమును గైకొన్నది.

ఒకినావా కథ ఇంకను హృదయమును కదలించును. ఓడిన బాలురు కోషియెను మట్టిని పిడికిళ్ళతో సంచులలో నింపుకొని యింటికి కొనిపోవుట ఆచారము. 1958 వేసవిలో ఒకినావానుండి మొదటిసారిగా ఒక జట్టు వచ్చి ఓడి, మట్టితో తిరుగు ప్రయాణమైనది. అప్పటికి ఆ ద్వీపము అమెరికా పాలనలో నుండెను. పరదేశపు మట్టి వలన పైరులకు తెగుళ్ళు వచ్చునను నిబంధనచే అధికారులు రేవులో ఆ మట్టిని పారవేయించిరి. ఈ వార్త విని విమానములలో పరిచర్యచేయు యువతులు కోషియెనులోని గులకరాళ్ళను ఏరి ఆ పిల్లలకు పంపిరి. రాళ్ళకు నిషేధము లేదు గదా! అటుపిమ్మట నలుబదియొక్క సంవత్సరములకు, 1999 వసంతమున, ఒకినావా పాఠశాల యొకటి మొట్టమొదటిసారి ఆ విజయపతాకమును సముద్రము దాటించి కొనిపోయినది.

ఈ పోటీలు దేశపు కష్టసుఖములకు వెలియైనవి కావు. యుద్ధముచే 1942 నుండి అయిదు వసంతములు ఆటలు లేవు. కోషియెనుపై నున్న పెద్ద ఇనుపకప్పును 1943లో విప్పి యుద్ధావసరములకు ఇచ్చివేసిరి. 1995 జనవరిలో ఆ ప్రాంతముననే ఘోరమైన భూకంపము వచ్చినది. ఆటలు జరుపవచ్చునా యని అందరును చింతించి, తుదకు మేళతాళములు లేకుండ నిరాడంబరముగా జరిపిరి. 2011 మార్చిలో ఈశాన్యమున భూకంపమును, సముద్రపుటుప్పెనయు సంభవించినపుడును ఆటలు సాగినవి. ఆరంభమున ప్రమాణముచేసిన బాలుడు తాము 1995వ సంవత్సరపు భూకంపకాలమున పుట్టినవారమని జ్ఞప్తికి తెచ్చెను. విన్నవారి కన్నులు చెమర్చినవి.

శ్రోతలారా! ఇంతవరకు మంచినే చెప్పితిని. చెడుగును దాచుట ధర్మము కాదు. 2013 వసంతమున పదునారేండ్ల బాలుడొకడు తన జట్టు కొరకు అయిదాటలలో 772 బంతులు విసరెను. జట్టు అంతిమ పోటీవరకు వచ్చినది. కొందరు "ఎంత పట్టుదల!" యని మెచ్చుకొనిరి. కొందరు "లేతచేయిని ఇట్లు వాడవచ్చునా?" యని అడిగిరి. ఆ యేటి శరత్కాలమున ఆ పిల్లవాని మోచేయి దెబ్బతిన్నది. బాలుడు తనంత తాను "చాలు" అనడు; అన్నచో తోటివారిని విడిచినవాడనగుదునని భయపడును. కనుక చాలుననవలసినవారు పెద్దలే. చాల ఆలోచనకు పిమ్మట, ఒక బాలుడు వారములో 500 బంతులకు మించి విసరరాదని 2020లో నియమమేర్పరచిరి. ఆ వసంతమున అంటువ్యాధిచే పోటీయే ఆగిపోయినది. పిలువబడిన ముప్పదిరెండు పాఠశాలల పిల్లలను నిరాశపరుపక, ఆగస్టు మాసమున ఒక్కొక్కరికి ఒక్కొక్క ఆట ఆడు అవకాశమిచ్చిరి.

ఈ కథవలన నాకు తోచినది ఒక్కటి. ముప్పదిరెండు జట్లలో ముప్పదియొకటి ఓడియే యింటికి పోవును. అనగా ఆ స్థలము ముఖ్యముగా నేర్పునది ఓటమిని తలవంచక భరించుట. ఆట ముగిసినవెంటనే ఇరుపక్షములును ఎదురెదురుగా నిలిచి నమస్కరించుకొనును. గెలిచినవారి పాఠశాల గీతము మ్రోగుచుండగా ఓడినవారును నిశ్చలముగా నిలిచి విందురు.

మన గ్రామమునను పిల్లలు ఆడుదురు. వారికి ఊరి బంజరులో కొంత బయలు విడిచిపెట్టుట, ఓడినవానిని ఎగతాళి చేయకుండుట, అలసినవానిని చూచి "నేటికి చాలు నాయనా" యనుట, ఈ మూడును పెద్దల చేతిలోని పనులు. వీనికి ధనము అక్కరలేదు. రేపు సాయంకాలము మీ ఊరి పిల్లలు ఆడుచున్నచోట ఒక గడియసేపు నిలిచి చూడుడు. మీరు చూచుచున్నారని తెలిసినచో వారు మరింత చక్కగా ఆడుదురు.