ఫొటోలో ఉన్నది ఎవరు?
(ఆదివాసీ దినోత్సవ సభలో యువతనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రపంచంలో సామాజిక సమస్యల మీద ఫొటోలు తీసిన పత్రికా ఫొటోగ్రాఫర్ల గురించి చెప్పమని సంఘం వాళ్లు అడిగారు. వార్డెన్లకు ఫొటోలతో ఏం పని అని మీరు అనుకోవచ్చు. పని ఉంది. సంవత్సరం పొడుగునా మా హాస్టల్‌కు ఎవరో ఒకరు కెమెరాతో వస్తూనే ఉంటారు. దుప్పట్లు పంచేవాళ్లు, పండ్లు పంచేవాళ్లు, తనిఖీకి వచ్చేవాళ్లు. అరటిపండు పిల్ల చేతిలో పెట్టి, ఫొటో తీసేదాకా తిననివ్వని వాళ్లను చూశాం. ఇప్పుడు మీ చేతుల్లోనూ ఫోన్లున్నాయి. మన దండారిని, మన సంతను, మన అవ్వల ముఖం మీది పచ్చబొట్లను మీరే తీసి పెడుతున్నారు. అందుకే ఈ మాటలు వినదగినవని మాకు అనిపించింది.

మొదట ఒక మాస్టారు గురించి చెప్తాం. లూయిస్ హైన్. న్యూయార్క్‌లో బడి పంతులు. టీచర్ ట్రైనింగ్ చేసి వచ్చిన మాకు ఈయన మీద కొంచెం పక్షపాతం ఉంది, ఒప్పుకుంటాం. అమెరికాలో అప్పట్లో పత్తి మిల్లుల్లో, బొగ్గు గనుల్లో, గాజు ఫ్యాక్టరీల్లో చిన్నపిల్లలు పనిచేసేవాళ్లు. బాలకార్మిక వ్యవస్థకు వ్యతిరేకంగా పనిచేసే జాతీయ కమిటీ ఒకటి ఉండేది. 1908లో హైన్ బడి ఉద్యోగం వదిలి ఆ కమిటీకి ఫొటోలు తీసే పనిలో చేరాడు. మిల్లు యజమానులు లోపలికి రానిస్తారా? రానివ్వరు. అందుకని ఒక చోట అగ్నిప్రమాదాల ఇన్‌స్పెక్టర్‌నని, ఒక చోట బైబిళ్లు అమ్ముకునేవాణ్నని, ఇంకో చోట పోస్ట్‌కార్డులు అమ్మేవాణ్నని చెప్పి లోపలికి వెళ్లేవాడు.

ఆయన పనిలో మాకు నచ్చింది వేషం కాదు, రాత. జేబులో చిన్న పుస్తకం పెట్టుకొని ఎవరికీ కనపడకుండా వివరాలు రాసుకునేవాడు. పిల్ల పేరు, వయసు, ఎన్నాళ్లుగా పనిచేస్తోంది, రోజుకు ఎంత ఇస్తున్నారు. ఎత్తు కొలవడానికి టేపు తీస్తే అనుమానం వస్తుంది కదా, అందుకని తన కోటు గుండీలు నేల నుంచి ఎంతెంత ఎత్తులో ఉన్నాయో ముందే కొలిచి పెట్టుకున్నాడు. పిల్ల పక్కన నిలబడి, ఏ గుండీ దాకా వచ్చిందో చూసి ఎత్తు రాసుకునేవాడు. ఫొటో అబద్ధమని మిల్లు వాళ్లు అంటే ఆ రాత జవాబు చెప్పేది. అలా తీసినవి ఐదు వేలకు పైగా అమెరికా జాతీయ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఈ రోజుకీ ఉన్నాయి.

ఫొటో తీయగానే చట్టం వచ్చిందనుకోకండి. 1916లో ఒక చట్టం చేశారు, 1918లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. గట్టిగా నిలబడిన చట్టం 1938లో వచ్చింది. అంటే హైన్ మొదలుపెట్టిన ముప్పై ఏళ్లకు. ఆ ఫొటోల్లోని పిల్లలకు అప్పటికి పిల్లలు పుట్టి ఉంటారు. హైన్ చివరి రోజుల్లో ఇల్లు కూడా పోగొట్టుకొని 1940లో పేదరికంలోనే చనిపోయాడు.

ఇప్పుడు ఇంకో ఫొటో. మీలో చాలామంది చూసే ఉంటారు. ఒక తల్లి చెయ్యి చెంపకు ఆనించుకొని ఎటో చూస్తూ ఉంటుంది. ఇద్దరు పిల్లలు ఆమె భుజాల మీద ముఖాలు దాచుకొని ఉంటారు, ఒళ్లో పసిబిడ్డ. పేరు 'మైగ్రెంట్ మదర్', వలస తల్లి అన్నమాట. 1936 మార్చిలో కాలిఫోర్నియాలో, బఠానీ కోతకు వచ్చిన కూలీల గుడారాల దగ్గర డొరోతియా లాంజ్ తీసింది. చలికి పంట పోయింది, కూలీలకు పని లేదు. లాంజ్ అప్పుడు ప్రభుత్వ శాఖ ఒకదానికి ఫొటోలు తీసేది. పత్రికలో ఆ ఫొటోలు పడగానే ప్రభుత్వం ఆ గుడారాలకు 20,000 పౌండ్ల తిండి పంపింది. మన లెక్కలో తొమ్మిది టన్నులు. ఫొటో ఆకలి తీర్చిందంటే ఇదిగో, ఇలా.

కానీ ఆ తిండి వచ్చేసరికి ఆ తల్లి అక్కడ లేదు. పని వెతుక్కుంటూ పిల్లలతో ముందుకు వెళ్లిపోయింది.

లాంజ్ ఆమె వయసు రాసుకుంది, 32 ఏళ్లని. పేరు అడగలేదు. తిండి కోసం కారు టైర్లు కూడా అమ్ముకున్నారని రాసింది, తర్వాత ఆ కుటుంబం అదేమీ లేదంది. నలభై ఏళ్లకు పైగా ఆ ముఖం పుస్తకాల్లో, పత్రికల్లో, గోడల మీద తిరిగింది. 1978లోగానీ ఆమె పేరు లోకానికి తెలియలేదు. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్. తనకు ఒక్క పైసా రాలేదని, పేరైనా అడగలేదని ఆమె బాధ. లాంజ్‌కూ ఆ ఫొటో మీద డబ్బు రాలేదు లెండి, అది ప్రభుత్వ ఆస్తి. 1983లో ఆమె జబ్బుపడితే పిల్లలు సాయం అడిగారు. దేశం నలుమూలల నుంచి ఉత్తరాలు, 35,000 డాలర్లకు పైగా విరాళాలు వచ్చాయి. అమ్మ ముఖం అంతమందికి ధైర్యం ఇచ్చిందా అని అప్పటిదాకా ఆ ఫొటోను తిట్టుకున్న పిల్లలే మనసు మార్చుకున్నారు. ఆమె ఆ ఏడే చనిపోయింది.

మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి ఒకటి మిగిలింది. ఆమె చెరోకీ వంశపు మనిషి. ఓక్లహోమాలో, అప్పట్లో ఇండియన్ టెరిటరీ అని పిలిచిన ఆదివాసీ ప్రాంతంలో పుట్టింది. పేద తెల్లజాతి రైతు కూలీలకు గుర్తుగా దేశమంతా చూసిన ముఖం ఒక ఆదివాసీ ముఖం. పేరు అడిగి ఉంటే ఆ సంగతి మొదటి రోజే తెలిసేది.

అదే దేశంలో ఆదివాసులనే వెతుక్కుంటూ వెళ్లి ఫొటోలు తీసినాయన ఇంకొకరున్నారు. ఎడ్వర్డ్ కర్టిస్. 1907 నుంచి 1930 దాకా 20 సంపుటాలు వేశాడు. గొప్ప శ్రమ. వేల పాటలు మైనపు గొట్టాల మీద రికార్డు చేశాడు, ఆ తెగల మనవళ్లు ఇప్పుడు వాటిని వింటున్నారు. అయితే 1910లో పీగన్ తెగ వాళ్ల గుడారంలో ఇద్దరు పెద్దమనుషులు కూర్చున్న ఫొటో తీశాడు. ఇద్దరి మధ్యలో ఒక గడియారం ఉంది. పుస్తకంలో అచ్చువేసేటప్పుడు ఆ గడియారాన్ని చెరిపేశాడు. ఆదివాసి ఇంట్లో గడియారం ఉంటే ఆదివాసిలా కనపడడని ఆయన లెక్క.

నవ్వుతున్నారు. ఎందుకో మాకు తెలుసు. దీపావళి ముందు దండారి రోజుల్లో గుస్సాడీల దగ్గరకు వచ్చే ఫొటోగ్రాఫర్లు ఏమంటారు? "తమ్మీ, ఆ చేతి వాచీ తీసెయ్." నెమలి ఈకల టోపీ ఉండాలి, ఒంటికి బూడిద ఉండాలి, వాచీ మాత్రం ఉండకూడదు. మార్లవాయి గుస్సాడీ కనకరాజు గారు 2021లో పద్మశ్రీకి ఎంపికయ్యారు. ఆ పేరు మనకందరికీ తెలుసు. కానీ కేలండర్ల మీద, పోస్టర్ల మీద కనిపించే మిగతా గుస్సాడీల కింద 'గిరిజన నృత్యం' అని తప్ప ఇంకేం రాస్తున్నారు?

పేరు రాస్తే సరిపోతుందా అంటే, అదీ కాదు. బ్రెజిల్ అడవుల్లో యానోమామీ అనే ఆదివాసులున్నారు. వాళ్లలో మనిషి పేరును ఎదురుగా పలకరు. చనిపోయినవాళ్ల గుర్తులేవీ మిగల్చరు. క్లాడియా అందుహార్ అనే ఫొటోగ్రాఫర్ 1971 నుంచి వాళ్ల మధ్యకు వెళ్తూ వచ్చింది. ఆమె తండ్రి వైపు బంధువులు యూదులు, హిట్లర్ కాలంలో చంపబడ్డారు. రోడ్లు, గనుల వాళ్లు అడవిలోకి రావడంతో యానోమామీ ఊళ్లలో తట్టు, మలేరియా లాంటి జబ్బులు పాకాయి. 1980ల మొదట్లో డాక్టర్లతో కలిసి టీకాలు వేయించడానికి వెళ్తే ఎవరికి వేశారో ఎవరికి వెయ్యలేదో రాసుకోవాలి. పేరు అడగడానికి లేదు. అందుకని ఒక్కొక్కరి మెడలో ఒక నంబరు బిళ్ల వేసి ఫొటో తీశారు. తన బంధువులకు చావు కోసం గుర్తులు వేశారు, ఇక్కడ బతకడం కోసం వేస్తున్నామని ఆమె తర్వాత చెప్పుకుంది. ఫొటోలతోనే ఆగలేదు. వాళ్ల నేల వాళ్లకే ఉండాలని 1978లో కొందరితో కలిసి ఒక కమిటీ పెట్టింది. యానోమామీ నాయకుడు దావి కోపెనావాతో కలిసి దేశదేశాల్లో అడిగింది. 1992లో ఆ నేలకు హద్దులు వేసి ప్రభుత్వం గుర్తించింది. 96,000 చదరపు కిలోమీటర్లు. పోడు పట్టా కోసం సర్వే రాళ్ల చుట్టూ తిరిగిన మన కుటుంబాలకు హద్దులంటే ఏమిటో చెప్పనక్కరలేదు.

అయితే ఎక్కడ పేరు రాయాలి, ఎక్కడ రాయకూడదు? ఎవరి ఫొటోనో వాళ్లనే అడగాలి. వేరే దారి మాకు కనపడలేదు. ఒకసారి సరే అన్నవాళ్లు తర్వాత వద్దనవచ్చు కూడా. జపాన్‌లో మినమాట అనే ఊళ్లో ఒక ఫ్యాక్టరీ పాదరసం కలిసిన నీళ్లను సముద్రంలోకి వదిలితే, చేపలు తిన్న జాలరి కుటుంబాల్లో పిల్లలు కాళ్లుచేతులు వంకరపోయి పుట్టారు. యూజీన్ స్మిత్, ఐలీన్ స్మిత్ దంపతులు 1971లో అక్కడే ఇల్లు తీసుకొని మూడేళ్లున్నారు. ఫ్యాక్టరీ మనుషులు స్మిత్‌ను కొట్టారు కూడా. ఒక తల్లి తన బిడ్డకు స్నానం చేయిస్తున్న ఫొటోతో ఆ ఊరి కష్టం ప్రపంచానికి తెలిసింది. ఆ బిడ్డ 1977లో చనిపోయింది. ఫొటో మాత్రం తిరుగుతూనే ఉంది. ఇక మా పాపను విశ్రాంతి తీసుకోనివ్వండని తల్లిదండ్రులు కోరుకున్నారు. 1998లో ఐలీన్ ఆ ఫొటో మీద నిర్ణయాన్ని వాళ్లకే అప్పగించింది. అందుకే ఈ సంచికలో ఆ ఫొటో వెయ్యలేదు, ఆ బిడ్డ పేరు కూడా రాయలేదు.

మీలో వార్తల పనిలోకి వెళ్లేవాళ్లకు ఒక మాట. లైంగిక దాడికి గురైన పిల్లల పేరు, ఫొటో, ఊరు, బడి ఏదీ బయటపెట్టకూడదు. పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం అది నేరం. వాట్సాప్ గ్రూపుల్లో ఇది మరిచిపోతున్నారు.

మన దగ్గరకు వద్దాం. కొమురం భీం అమరుడైన తర్వాత నిజాం ప్రభుత్వం పంపగా వచ్చిన హైమెండార్ఫ్ దొర 1940ల్లో మార్లవాయిలో ఉండి మన గోండు, కొలాం ఊళ్ల ఫొటోలు తీశాడు. ఆయన పత్రికల మనిషి కాదు, మానవశాస్త్రవేత్త. భార్య బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. గోండు పిల్లలకు పాఠం చెప్పే గోండు టీచర్ల ట్రైనింగ్ కూడా ఆ ఊళ్లోనే మొదలైంది. మా వృత్తికి అది పుట్టిల్లు. ఆ ఫొటోలు ఇప్పుడు లండన్‌లో, సోయస్ అనే యూనివర్సిటీ దగ్గర ఉన్నాయి. అందులో మన తాతలున్నారు, ముత్తవ్వలున్నారు. ఆ ముఖం ఫలానా వాళ్లదని చెప్పగల పెద్దలు మన గూడేల్లో ఏటేటా తగ్గిపోతున్నారు. ఈ పని లండన్‌లో కూర్చున్నవాళ్ల వల్ల కాదు.

తెలుగు కుటుంబంలో పుట్టిన పాలగుమ్మి సాయినాథ్ గారు గ్రామీణ స్త్రీల పని మీద తీసిన ఫొటోలను పెద్ద హాళ్లలోనే కాకుండా బస్టాండ్లలో, కూలీల సభల్లో కూడా చూపించారు. ఫొటోలో ఉన్నలాంటి వాళ్లే వచ్చి చూడాలని. ఆయన 2014లో మొదలుపెట్టిన 'పారి' వెబ్‌సైట్‌లో తెలుగులోనూ కథనాలు ఉంటాయి. ఫొటో కింద ఎలా రాయాలో నేర్చుకోవాలంటే అది చదవండి.

మా హాస్టల్లో ఈ ఏడు ఒక రిజిస్టరు పెట్టాం. స్టాక్ రిజిస్టరు లాగే గీతలు కొట్టి, ఫొటో నంబరు, ఊరు, తేదీ, ఉన్నవాళ్ల పేర్లు, ఇంటిపేరు, ఎవరు తీశారు, అడిగి తీశారా అని గడులు పెట్టాం. ఇళ్లల్లో పెట్టెల్లో ఉన్న పాత ఫొటోలు కూడా పిల్లలు తెచ్చి ఎక్కిస్తున్నారు. ఇప్పటికి 43 ఎక్కాయి. అందులో తొమ్మిదింటికి పేర్ల గడి ఖాళీగా ఉంది. ఒక పెళ్లి ఫొటో, ఒక బడి ఫొటో, జాతరలో తీసిన కొన్ని. వాటిని ప్రింట్లు తీయించి అక్కడ డప్పుల పక్కన బల్ల మీద పరిచాం. భోజనాలయ్యాక మీ అవ్వనో తాతనో చెయ్యి పట్టుకొని ఆ బల్ల దగ్గరకు తీసుకురండి. పెన్నులు అక్కడే ఉన్నాయి.

జై సేవా.