వాగు, అడవి, ఊరు: మూడింటికీ ఒకే పుస్తకం



డిగ్రీ చదివేవారికి పర్యావరణ అధ్యయనం అనే పేపరు ఉంటుందని మీకు తెలుసు. 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం దీనికి పునాది. ఆ తరువాత యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ రూపొందించిన పాఠ్యప్రణాళికలో చివరి యూనిట్ క్షేత్ర పరిశీలన. విద్యార్థి ఒక నదినో, అడవినో, కొండనో చూసి, అక్కడి వనరులను నమోదు చేసి రావాలి. చాలాచోట్ల ఇది ఒకరోజు బస్సు ప్రయాణంతో, గైడు చూసి నింపిన రికార్డుతో ముగిసిపోతోంది. సరిగ్గా నడిపితే మాత్రం ఇంతకు మించిన చదువు మరొకటి లేదని నా నమ్మకం. ఒక నదీతీరాన్ని తీసుకుని, అక్కడ విద్యార్థి ఏం చూడాలో, ఎవరి దగ్గర నేర్చుకోవాలో ఈ పూట చెబుతాను.

ఆ తీరం భద్రాచలం దిగువ నుంచి పాపికొండల దాకా ఉన్న గోదావరి. త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించే ఈ నది సముద్రాన్ని చేరేముందు తూర్పు కనుమలను చీల్చుకుని వచ్చేది ఇక్కడే. ఒడిశాలో కొలాబ్ అని పిలిచే శబరి, దారిలో సీలేరును కలుపుకుని కూనవరం దగ్గర గోదావరిలో చేరుతుంది. ఒడ్డున ఉన్న చదును నేలల్లో కోయల ఊళ్లు, కొండవాలుల్లోనూ నది ఇరుకున పడే చోటా కొండరెడ్ల పల్లెలు. పాపికొండల అడవి 1978లో అభయారణ్యం, 2008లో జాతీయ పార్కు అయింది. దాని విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైమాటే.

పెద్ద నదితో మొదలుపెట్టకూడదు. మోకాలిలోతు నీళ్లున్న కొండవాగు దగ్గరికి ముందు వెళ్లాలి. ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఒడ్డున పది మీటర్లు తాడుతో కొలిచి, ఒక ఎండుకాయను నీళ్లలో వదిలి, అది ఆ దూరం పోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తే పైనీటి వేగం తెలుస్తుంది. థర్మామీటరుతో నీటి వేడి చూడాలి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు మించి నిలవదు. వాగుమీద చెట్టు నీడ ఉన్నచోటా, చెట్లు నరికేసిన చోటా రెండు లెక్కలు తీస్తే, నీడ కూడా నీటికి వనరేనని విద్యార్థికి తనంతట తనకే అర్థమవుతుంది.

ఆ తరువాత ఒక రాయి ఎత్తి అడుగు చూడాలి. చదునైన ఒంటితో రాతికి అతుక్కుని పాకే మేఫ్లై పిల్లలు, ఇసుకరేణువులూ ఆకుముక్కలూ అతికించి గూడు కట్టుకునే కాడిస్‌ఫ్లై పిల్లలు కనిపిస్తే ఆ నీళ్లలో ప్రాణవాయువు బాగా ఉందన్నమాట. ఇవేవీ లేక, ఎర్రటి సన్నని పురుగులు మాత్రమే బురదలో కదులుతుంటే ఆ నీరు చెడిందని అనుమానించాలి. ఆ పురుగుల ఒంట్లో మన రక్తంలో ఉన్నట్టే హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే ఆక్సిజన్ తక్కువైనా బతుకుతాయి. ప్రయోగశాలకు పంపిన సీసా ఆ ఒక్క నిమిషం నాటి నీటి సంగతే చెబుతుంది. రాతికింది పురుగు కొన్ని నెలలుగా ఆ వాగు ఎలా ఉందో చెబుతుంది.

ఈ పురుగులు ఏం తింటాయి? నీడలో నడిచే చిన్న వాగులో నాచు అంతగా పెరగదు. ఒడ్డున రాలిన ఆకే అక్కడ మొదటి ఆహారం. నానిన ఆకుమీద బూజు పడుతుంది, బూజు పట్టిన ఆకును పురుగు కొరుకుతుంది, పురుగును చిన్నచేప తింటుంది, మిగిలిన నలుసులు దిగువకు కొట్టుకుపోయి అక్కడి జీవాలకు మేత అవుతాయి. కాబట్టి వాగు లెక్క రాసేవాడు ఒడ్డున ఉన్న చెట్ల పేర్లు కూడా రాయాలి. చెట్ల పేర్లు కావాలంటే ఊళ్లోకి వెళ్లాలి. అలా వాగు, అడవి, ఊరు ఒకే పుస్తకంలోకి వస్తాయి. మూడింటిని మూడు శాఖలవారు మూడు పుస్తకాల్లో రాసుకోవడమే మన చదువులో ఉన్న లోపం.

ఊళ్లో అడిగేతీరు ఒకటుంది. కాగితం పట్టుకుని "మీ వార్షికాదాయం ఎంత?" అంటే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. "ఏం తాతా, ఈ ఏడు ఇప్ప బాగా రాలిందా?" అని అడిగితే ఏడాది పొడుగునా అడవి ఎలా నడుస్తుందో ఆయన చెప్పుకొస్తాడు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున ఇప్పపువ్వు రాలుతుంది. ఎలుగుబంట్లకూ అది ఇష్టమైన తిండే, అందుకని జనం గుంపుగా కదులుతారు. పువ్వు ఏరుకోవడానికి వీలుగా చెట్టుకింద ఎండుటాకును కాల్చే అలవాటు ఉంది. ఆ మంట కొన్నిసార్లు అడవిలోకి పాకుతుంది. చెట్టుకింద వల పరిస్తే ఆకు కాల్చే పని ఉండదు. అడవిని కాపాడటం, మనిషి పొట్ట నింపటం రెండూ కలిసి ఆలోచించాల్సిన సమస్య ఇది. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు వస్తుంది. మంచి ఆకు రావాలని ముందే కొమ్మలు కొట్టి చిగురు వేయిస్తారు. యాభై ఆకులు ఒక కట్ట. ఇప్పగింజలు, చింతపండు, కొండచీపుళ్లు, అడ్డాకులు, కరక్కాయ, తేనె, తపసిబంక దేని కాలం దానిదే. తపసి చెట్టును గొడ్డలితో లోతుగా నరికితే బంక ఒక్కసారిగా వస్తుంది, చెట్టు చస్తుంది. బెరడుమీద చిన్నగాటు పెడితే చెట్టు కోలుకుంటుంది, మళ్లీ మళ్లీ బంక ఇస్తుంది. ఈ సరుకు కొనడానికి గిరిజన సహకార సంస్థ 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడింది. అది ఇచ్చే ధర, సంతలో వ్యాపారి ఇచ్చే ధర పక్కపక్కన రాస్తే అర్థశాస్త్రం విద్యార్థికి అదే ఒక పాఠం.

అడవి సరుకు నీటితో ఎంతగా ముడిపడి ఉందో చూపడానికి రెండు వస్తువులు చాలు. ఒకటి చిల్లగింజ. వరదకాలంలో మురికినీళ్లు తేర్చడానికి ఈ గింజను కుండ లోపలి అంచుకు అరగదీస్తారు. దానిలోని మాంసకృత్తులు, బంక పదార్థాలు నీటిలో తేలే మట్టిరేణువులను గుంపుకట్టించి అడుక్కి దింపుతాయి. నీటిశుద్ధి కేంద్రంలో పటిక చేసే పని కూడా ఇదే. ఒక గ్లాసు ఎర్రనీరు, ఒక గింజ తీసుకుని తరగతిలో చేసి చూపవచ్చు. తేరిన నీటిని కాచుకోవాలని, తేరినంత మాత్రాన రోగక్రిములు పోవని కూడా అప్పుడే చెప్పాలి.

రెండోది మామిడిటెంక. పండు తిన్నాక మనం పారేసే టెంకను కొండరెడ్లు ఎండబెట్టి దాచుకుంటారు. లోపలి జీడిలో వగరు ఎక్కువ, అలాగే తినలేం. దాన్ని బుట్టలో పెట్టి పారే వాగులో నానేస్తారు. నీరు వగరును కడుక్కుపోతుంది. ఆ తరువాత పిండి చేసి అంబలి కాచుకుంటారు. వానాకాలంలో పాత గింజలు అయిపోయి, కొత్తపంట ఇంకా చేతికి రాని రోజుల్లో ఆకలి తీర్చేది ఇదే. జీలుగు చెట్టూ అటువంటిదే. దాని కల్లు ఎండాకాలంలో కొండరెడ్లకు ఆహారంలో భాగం, కరువులో దాని మాను లోపలి మెత్తని భాగంలోంచి పిండి కూడా తీస్తారు. 1879లో రంప ప్రాంతం భగ్గుమనడానికి ముఖ్యకారణాల్లో ఒకటి కల్లుమీద పన్ను. తిండిమీద చెయ్యి వేశారు కనకనే జనం తిరగబడ్డారు. చరిత్ర విద్యార్థి ఆ చెట్టుకింద నిలబడి ఈ సంగతి వినాలి.

ఇప్పుడు పెద్ద నదికి వద్దాం. విసురువల, గాలం, వెదురుతో అల్లిన మావు, ఏ కాలంలో ఏ లోతులో ఏది పనికొస్తుందో చేపలు పట్టేవాడికి తెలుసు. వాలుగ ఎక్కడ ఉంటుందో, జెల్ల ఎప్పుడు పడుతుందో అతడు చెబుతుంటే జంతుశాస్త్రం విద్యార్థి పక్కన కూర్చుని రాసుకోవాలి. సముద్రంలో ఇలసగా ఉండి, తొలివరద ఎర్రనీటికి ఎదురీదుతూ గుడ్లు పెట్టడానికి వచ్చే పులస కథ గోదావరి జిల్లాల్లో అందరికీ తెలిసిందే. దాని ఎగువప్రయాణం ధవళేశ్వరం దగ్గర ఆగుతుంది. అక్కడ ఇంజనీరు కాటన్ కట్టించిన ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది, ఆ స్థానంలో ఇప్పటి బ్యారేజీ 1982లో వచ్చింది. ఆ కట్ట డెల్టాకు అన్నం పెట్టింది. అదే కట్ట చేపకు దారి మూసింది. రెండూ నిజమే, విద్యార్థి రెండూ రాయాలి.

వరదనూ కొలవాలి. భద్రాచలంలో 43, 48, 53 అడుగుల దగ్గర మూడు ప్రమాద హెచ్చరికలు ఇస్తారు. 1986 ఆగస్టులో అక్కడ నీటిమట్టం 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు. గోదావరి పొంగినప్పుడు శబరి నీళ్లు దిగువకు పోలేక వెనక్కి ఎగదన్ని, వానపడని ఊళ్లను కూడా ముంచుతాయి. ఏ ఇంటి గోడమీద ఏ ఏటి వరదగుర్తు ఉందో అడిగి రాసుకుంటే, ఆ ఊరికి వరదపటం తయారవుతుంది. వరద తీశాక మిగిలే ఒండ్రులో వేసే పైర్లు కూడా ఆ పటంలోనే రావాలి.

ఇంత లెక్క ఎందుకు అని ఎవరైనా అడిగితే పోలవరం వైపు చూపిస్తాను. ఆ ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. అంతమేర నీళ్లు నిలిస్తే శబరి సంగమం చుట్టుపక్కల ఊళ్లు ముంపులోకి వస్తాయి. ఆ ముంపు మండలాల కోసమే 2014లో రాష్ట్రాల సరిహద్దు మారింది. సాగునీరు ఎంతోమందికి కావాలి, దాన్ని నేను కాదనను. కానీ పరిహారం లెక్కలో పట్టా భూమికి, ఇంటికి, చెట్టుకు ధర కట్టగలిగారు. టెంకలు నానేసిన వాగుకు ఎంత కడతారు? తునికి పొదలకు, చేపలమడుగుకు, వరద తీశాక సాగుచేసే ఒండ్రుకు ఎంత? పారే నీరు నిలిచిపోతే రాతికింది పురుగులు మారతాయి, చేపలు మారతాయి, చేపలు పట్టేవాడి విద్య పనికిరాకుండా పోతుంది. ఎవరూ రాసి పెట్టని వనరు పోయినప్పుడు అది పోయిందని రుజువు చేయడం కూడా కష్టమే. అందుకే ముందే రాయాలి.

చట్టం ఈ పనికి తోడుంది. 2006 అటవీహక్కుల చట్టం వెదురు, తేనె, లక్క, తునికాకు వంటివాటిని సేకరించుకుని అమ్ముకునే యాజమాన్య హక్కును అడవిలో బతికేవారికి ఇచ్చింది. అదే సెక్షనులో, దాని పక్కనే, చేపలూ నీటివనరుల మీద ఊరి ఉమ్మడిహక్కు కూడా ఉంది. జాతీయ పార్కులకూ అది వర్తిస్తుంది. మన పాఠ్యపుస్తకాలు విడదీసిన అడవినీ నీటినీ చట్టం ఒకచోట చేర్చింది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి గ్రామ పంచాయతీలో ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఆ కమిటీ ప్రజలతో కలిసి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారుచేయాలి. వాగుల వివరాలు, చెట్లు, చేపలు, విత్తనాలు, వాటి వాడకం గురించి జనానికి తెలిసినవి అందులో చేరతాయి.

ఈ కొండల్లో ఇలా రాసినవారు లేకపోలేదు. 1941లో మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ కొండరెడ్ల పల్లెల్లో ఉండి, పోడు, పంటలు, అప్పులు, కల్లు, పండుగలు వివరంగా రాశారు. ఆ గ్రంథం 1945లో వచ్చింది. ఆయన పుస్తకం నిలవడానికి కారణం ఆయన ఆ జనం మధ్య ఉండి వినడమే. ఒక్క పూటలో ఊరు చుట్టివచ్చేవాడికి ఆ సంగతులు తెలిసేవి కావు.

వింటున్న అధ్యాపకులకు నా మనవి ఇది. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం, చరిత్ర, అర్థశాస్త్రం పిల్లలను వేరువేరుగా తీసుకెళ్లకండి, ఒకే జట్టుగా తీసుకెళ్లండి. వేసవిలో వాగు సన్నబడినప్పుడు ఒకసారి, తొలివానలకు ఒకసారి, వరద తీశాక ఒకసారి అదే చోటికి వెళ్లండి. వెళ్లేముందు గ్రామసభ పెద్దలతో మాట్లాడి ఒప్పుకోలు తీసుకోండి. రోజుకూలి మానుకుని మీతో అడవిలోకి వచ్చి చెట్టు చూపించినవారికి కూలి ఇవ్వండి. మందుమొక్కల సంగతులు చెప్పినవారు వద్దంటే అవి కాగితం మీద పెట్టకండి. రాసినదాన్ని తెలుగులో, ఊళ్లో మాట్లాడేది కోయ అయితే ఆ భాషలో చదివి వినిపించి, తప్పులు దిద్దించుకోండి. ఒక ప్రతి కాలేజీలో ఉంచి, ఇంకో ప్రతి ఆ పంచాయతీ జీవవైవిధ్య కమిటీకి అప్పగించండి. మార్కులు పడటంతో రికార్డు పని అయిపోయిందనుకోవద్దు. హక్కుల దరఖాస్తులోనో, పరిహారం అర్జీలోనో ఆ ఊరివాళ్లు దాన్ని చూపించుకునేలా ఉండాలి. అలాంటి రికార్డు రాసిన విద్యార్థి తరువాత ఏ ఉద్యోగంలో ఉన్నా, ఒక నదిమీద సంతకం పెట్టేముందు ఆ నది ఎవరికి ఏమిస్తోందో అడిగి తెలుసుకుంటాడు.