చేతికి మట్టి, మనసుకు నిలకడ
(సంఘ వార్షిక సమావేశంలో ఒక సభ్యుని ప్రసంగ పాఠం)



నేను 34 ఏళ్లు లెక్కల విభాగంలో పనిచేశాను. పదవీ విరమణ చేసిన రెండో ఏట నా శ్రీమతి కాలం చేసింది. పగలు ఎలాగో గడిచేది. సాయంత్రమయ్యేసరికి ఈ చేతులను ఏం చేసుకోవాలో తోచేది కాదు. ఒకనాడు మా పేటలోని కుమ్మరి అరుగు మీద కూర్చుంటే, ఆయన మెత్తగా తొక్కిన మట్టిముద్ద ఒకటి నా చేతిలో పెట్టాడు. అప్పటినుంచి రోజూ గంటసేపు అదే నా పని.

దీనికి సారె అక్కర్లేదు. నారింజపండంత ముద్ద తీసుకుని, నడుమ బొటనవేలితో గుంట చేసి, చుట్టూ తిప్పుతూ, నొక్కుతూ అంచు లేపాలి. నవీన శిలాయుగంలో దక్కను ప్రాంతపు జనం ఇలా చేతితోనే పాత్రలు చేసి మెరుగు పెట్టుకున్నారు. పాలమూరు ప్రాంతపు ఉట్నూరు తవ్వకాల్లో అలాంటివి బయటపడ్డాయి.

మట్టికి మన హోదా తెలియదు, మన తొందరా తెలియదు. మనసు ఎటో పోతే గోడ ఒకవైపు పలచనై కుంగుతుంది. చేసినదాన్ని నీడన నిదానంగా ఆరనివ్వాలి. ఎండలో పెడితే బీటలు వారుతుంది. ఆరిన తరువాత నచ్చకపోయినా, నీళ్లలో నానబెడితే మళ్లీ మట్టే. ఆములో సుమారు 600 డిగ్రీల వేడి దాటాకనే అది ఇక నీటికి కరగదు. అందాకా తిరిగి మొదలుపెట్టే వీలుంది. 60 దాటిన మనకు ఇంతకన్నా ధైర్యం చెప్పే మాట ఏముంది?

దీనితో దుఃఖం పోయిందని చెప్పను. ఆ గంటసేపు మాత్రం దాన్ని పక్కన పెట్టి నిలబడగలుగుతున్నాను.

మోకాళ్ల నొప్పులున్నవారు కుర్చీలో కూర్చుని బల్ల మీద చేసుకోవచ్చు. ఎండిన మట్టిని చీపురుతో ఊడ్వకండి. ఆ ధూళి ఊపిరితిత్తులకు చెరుపు. తడిగుడ్డతో తుడవండి. కాల్చే పని కుమ్మరికే అప్పగించి, ఆయన అడిగిన కూలి ఇవ్వండి. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అన్న సామెత మనకు తెలియనిది కాదు.

చివరగా ఒక మనవి. వారానికొక మధ్యాహ్నం మన సంఘ భవనం వసారాలో కలుద్దాం. ఇంట్లో ఒంటరిగా ఉన్న సభ్యులను పిలుచుకురండి, మనవలనూ తీసుకురండి. మట్టి నేను తెస్తాను.