మంచుకొండల యుద్ధమునకు ముహూర్తము పెట్టునది చలికాలమే

(హోట్గి రోడ్డు నేతపనివారి పేటయందు జరిగిన తెలుగువారి సభలో చేసిన ప్రసంగపాఠము)

 

నేటి ప్రసంగమునకు నేను గైకొనిన విషయము సరిహద్దు యుద్ధనీతియందు చలికాలమునకు గల స్థానము. మన సోలాపురమున చలి యనగా మార్గశిర పుష్యమాసములయందు తెల్లవారుజామున మాత్రము తోచునది. సిద్ధరామేశ్వరుని గడ్డ యాత్ర నాటికి ఒక చాదరు కప్పుకొన్నచో అది తీరిపోవును. ఇట్టి ఊరిలో మగ్గముల చప్పుడు నడుమ బ్రదుకు మనకు మంచుకొండల యుద్ధముతో నేమి పని యని ఎవరైన నడుగవచ్చును. రెండు కారణములచేత పని యున్నది. అచ్చట ప్రాణములర్పించినవారిలో మన తెలుగుబిడ్డలున్నారు. ఇది మొదటిది. అచ్చట జయాపజయములను నిర్ణయించు వస్తువులలో బట్ట యొకటి. బట్ట మన కులవిద్య. ఇది రెండవది.

2020 జూన్ 15వ తేదీ రాత్రి లడఖునందలి గల్వాన్ లోయలో మన సైనికులకును చైనా సైనికులకును ఘర్షణ జరిగెను. తుపాకి ప్రేలలేదు. కఱ్ఱలతోను, రాళ్ళతోను, ఇనుపముండ్లు బిగించిన కడ్డీలతోను పోరిరి. మనవారు ఇరువదిమంది వీరస్వర్గము నలంకరించిరి. వారి నాయకుడు బీహారు రెజిమెంటు 16వ పటాలపు అధిపతి కర్నల్ బిక్కుమళ్ళ సంతోష్ బాబు. ఆయన సూర్యాపేటవాసి, విజయనగరము చెంత కోరుకొండ సైనిక పాఠశాలలో చదివినవాడు. మన పెద్దలు విడిచివచ్చిన తెలంగాణపు నేల కన్న బిడ్డ. మరుసటి సంవత్సరము ఆయనకు మరణానంతరము మహావీర చక్ర మొసగబడెను.

ఆ మరునాడు సైన్యము చేసిన ప్రకటనలో ఒక మాట యున్నది. దానిని మనము మరువరాదు. తీవ్రముగా గాయపడిన పదునేడుగురు ఆ ఎత్తైన చోట గడ్డకట్టు చలికి లోనై మరణించిరని అందు చెప్పబడెను. అది జూన్ మాసము. మన యూరిలో మృగశిర కార్తె వానకై ఎదురుచూచు కాలము. ఆ లోయలో ఆ రాత్రి, గాయమొక శత్రువు, చలి రెండవ శత్రువు. జూన్ లోనే ఇట్లున్నచో జనవరి ఎట్లుండునో ఊహింపుడు.

చలికాలము యుద్ధములో ఒక కష్టము మాత్రమేయని మనము తలంతుము. ఆ తలపు చాలదు. ఎప్పుడు కదలవలెనో, ఎప్పుడు ఆగవలెనో అదియే నిర్ణయించును. పెండ్లికి పురోహితుడు ముహూర్తము పెట్టినట్లు లడఖులో పోరునకు చలికాలము ముహూర్తము పెట్టును. ఇది ఎట్లో వివరించెదను.

శ్రీనగరమునుండి లేహ్ నగరమునకు పోవు దారి జోజిలా కనుమ మీదుగా పోవును. దాని ఎత్తు సుమారు 11,500 అడుగులు. మంచు పడిన పిమ్మట నెలల తరబడి ఆ దారి మూతపడుట పూర్వమునుండి వచ్చిన వాడుక. మనాలినుండి పోవు రెండవ దారియు అట్టిదే. కావున చలికాలమునకు వలయు బియ్యము, పిండి, కిరసనాయిలు, మందుగుండు, మందులు, ఉన్నిబట్టలు అన్నియు వేసవినుండి కార్తికములోగా పైకి చేరవలెను. విమానములు కొంత తోడ్పడునుగాని మొత్తము భారము మోయజాలవు. మనిషినైనను అప్పటికప్పుడు పంపుటకు వీలులేదు. 18,000 అడుగుల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రతీరమున ఉన్నదానిలో సగమే. కొత్తగా వెళ్ళిన సైనికుని మెట్టుమెట్టుగా నిలిపి, సుమారు పదునాలుగు దినములు దేహమును అలవాటు పరచి, అటుపిమ్మటనే 15,000 అడుగులకు పైన నున్న ఠాణాలకు పంపుదురు. కాబట్టి జనవరిలో జరుగు యుద్ధమునకు గెలుపోటములు అక్టోబరులోనే గిడ్డంగులలో తేలిపోవును.

చరిత్ర చూడుడు. 1948లో పాకిస్తాను పక్షపు దళములు జోజిలాను పట్టి లేహ్ దారిని అడ్డగించెను. మంచుకాలము వచ్చినచో లేహ్ చేజారును. సెప్టెంబరులో కాలిబంట్లు చేసిన దాడి ఫలింపలేదు. అప్పుడు జనరల్ తిమ్మయ్య తేలిక ట్యాంకులను కొండదారిన రహస్యముగా ఎక్కించి, నవంబరు 1వ తేదీన కనుమను దాటించెను. అంత ఎత్తునకు ట్యాంకు వచ్చునని ఎదిరి కలనైనను తలపలేదు. ఆ మాసాంతములోగా కార్గిలు మన వశమై, లేహ్ దారి తెరువబడెను. అది చలికాలముతో పందెము వేసి గెలిచిన పోరు.

1962లో పందెము తారుమారయ్యెను. చైనా అక్టోబరు 20న దండెత్తెను. నవంబరు 21న తానుగా కాల్పులు నిలిపెను. వానలు వెడలిన పిమ్మట, కనుమలు మూతపడుటకు ముందు, సరిగా ఒక మాసము. తూర్పున గెలిచిన నేలను విడిచి వెనుకకు మరలుటకు గల కారణములలో, మంచు పడినచో హిమాలయములకు ఈవలనున్న తమ సేనకు దారి తెగునన్న భయము ఒకటియని యుద్ధశాస్త్రజ్ఞులు చెప్పుదురు. మనవారిలో పెక్కురు నూలుబట్టలతోను కాన్వాసు బూట్లతోను ఆ కొండలెక్కిరి. నవంబరు 18న రెజాంగ్ లా యొద్ద మేజర్ షైతాన్ సింగు నాయకత్వమున కుమావూ రెజిమెంటు వారు సుమారు 120 మంది పోరిరి. 114 మంది నేలకొరిగిరి. 1963 ఫిబ్రవరిలో ఆ చోటికి పోయినవారికి వారి దేహములు ఆయుధములు పట్టిన చేతులతోనే గడ్డకట్టి కనబడెను. వారి శౌర్యమున కొదువ లేదు. కొదువ యైనది వారికి చేరవలసిన సామగ్రి.

సియాచిన్ కథ నేతవారు ప్రత్యేకముగా వినదగినది. ఆ మంచునదిని వశము చేసికొనుటకు పాకిస్తాను యత్నించుచున్నదని, అందులకై మంచుబట్టలను ఐరోపాలో కొనుచున్నదని మన ప్రభుత్వమునకు తెలిసినదట. బట్టల కొనుగోలే యుద్ధవార్తయైనది! 1984 ఏప్రిల్ 13న, మంచు ఇంకను కరుగని కాలముననే, మన దళములు బిలాఫాండ్ లా కనుమపై దిగెను. ఎదిరి వచ్చునప్పటికి శిఖరములు మన చేతిలో నున్నవి. పిమ్మట అచ్చట తుపాకిగుండ్లకంటె మంచునకు బలియైనవారే అధికులు. 2003 నవంబరులో అచ్చట కాల్పుల విరమణ యైనను మంచునకు విరమణ లేదు. 2016 ఫిబ్రవరి 3న సోనమ్ ఠాణాపై హిమపాతము పడి మద్రాసు రెజిమెంటు సైనికులు పదిమందిని కప్పివేసెను. అందు కర్నూలు జిల్లావాడు ముస్తాక్ అహ్మద్ ఒకడు. ధార్వాడ జిల్లాకు చెందిన హనుమంతప్ప ఆరు దినముల పిమ్మట ప్రాణముతో వెలికి తీయబడెను గాని, ఢిల్లీ ఆసుపత్రిలో ఫిబ్రవరి 11న కన్నుమూసెను. ఎదిరిపక్షమునను ఇదే గతి. 2012 ఏప్రిల్ లో గయారీ యొద్ద పాకిస్తాను శిబిరముపై మంచు విరిగిపడి 140 మంది చనిపోయిరి. మంచు జెండాను చూచి కురియదు.

1999 నాటి కార్గిలు యుద్ధము చలికాలపు సందును వాడుకొన్న పన్నాగము. ఎత్తైన ఠాణాలను చలికాలమున ఉభయపక్షములు ఖాళీచేయుట వాడుకగా నుండెను. ఆ వాడుకను నమ్మిన మనవారు దిగివచ్చిరి. వారు ఎక్కి కూర్చుండిరి. శ్రీనగరు-లేహ్ దారిని పైనుండి కాల్చి, వేసవిలో జరుగవలసిన సరకుల రవాణాను ఆపివేసి, రాబోవు చలికాలమున లడఖును ఆకలిచలులకు అప్పగించుట వారి యెత్తుగడ. ఆ శిఖరములను తిరిగి గెలుచుటకు 527 మంది ప్రాణములిచ్చిరి. వారిలో హైదరాబాదు వాసియైన మేజర్ పద్మపాణి ఆచార్య ఒకడు. నాటినుండి ఆ ఠాణాలు చలికాలమునను ఖాళీచేయబడుట లేదు. ఒక వాడుక మార్చుటకు ఎంత వెల చెల్లించితిమో చూడుడు.

ఈ పాఠము 2020లో పనికివచ్చెను. ఆగస్టు చివర మన సైన్యము పాంగాంగ్ సరస్సునకు దక్షిణముననున్న కైలాస శ్రేణి శిఖరములను చేజిక్కించుకొనెను. చలికాలము రాగానే మనవారు దిగిపోవుదురని ఎవరైన అనుకొనియుండిన అది జరుగలేదు. ఆ వేసవియంతయు రేయింబవళ్ళు లారీలు, విమానములు సరకు మోసెను. వేలాది సైనికులు ఆ ఎత్తులమీదనే చలికాలము గడపిరి. సేనానుల మధ్య చర్చలు సాగి, 2021 ఫిబ్రవరిలో పాంగాంగ్ తీరములనుండి ఇరువురును వెనుకకు తగ్గిరి. డెప్సాంగ్, డెమ్చోక్ ల విషయమున ఒప్పందము 2024 అక్టోబరుగాని కుదరలేదు. సరిహద్దు రేఖ మాత్రము నేటికిని తీరని వివాదమే. అట్టిచోట చలికాలమున నిలువగలిగినవాని మాటకే చర్చలలో బరువు.

చలికాలము ఒకరి పక్షము వహించునని లోకములో ఒక నమ్మకము గలదు. రష్యాను రక్షించినది చలియేయందురు. ఇది పూర్తి నిజము కాదు. 1812లో నెపోలియను సేనలో అధికభాగము మంచు పడకముందే ఆకలిచేతను, రోగములచేతను, నడకచేతను నశించెను. 1941లో జర్మనులు వేసవిలోనే పని ముగియునని తలచి చలిబట్టలు చాలినన్ని పంపరైరి. ఆ డిసెంబరులో తమ దేశపు ఇండ్లనుండి ఉన్ని, బొచ్చుబట్టలు పోగుచేసి పంపవలసివచ్చెను. 1939-40లో ఫిన్లండువారు తెల్లని పైబట్టలు ధరించి, మంచుజోళ్ళపై జారుచు, తమకన్న పెద్ద సేనను ముప్పుతిప్పలు పెట్టిరి. మంచు ఇరువురికి ఒకటే. సిద్ధపడినవానికి మిత్రము, పడనివానికి మృత్యువు.

2022లో రష్యా ఉక్రెయినుపై పూర్తిదండయాత్ర చేసిన పిమ్మట ఇది మరియొక రూపము దాల్చెను. అచ్చట నేల శరత్కాలమున బురద, చలికాలమున గట్టి. ఆకులు రాలిన చెట్లక్రింద కందకములు ఆకాశమునుండి కానవచ్చును. 2022 అక్టోబరు మొదలు చలికాలములలో విద్యుత్కేంద్రములపై దాడులు జరిగెను. అనగా చలిని సైనికునిమీదికే గాక, ఇండ్లలోని ముసలివారిమీదికిని శిశువులమీదికిని తోలుట. యుద్ధనీతిలో ఇంతకన్న హీనమైనది వేరొకటి లేదు.

ఇక మన వృత్తికి వచ్చెదము. భావనాఋషి దేవతలకు వస్త్రము నేసెనని చెప్పుకొను వంశము మనది. సోలాపురపు చాదరునకు, తువ్వాలునకు భౌగోళిక గుర్తింపు గలదు. సైనికులకు చాదరులు పంపుదమని మన హృదయము ఉత్సహించును. నూలుబట్ట మేలైనదేగాని మంచుకొండమీద ఒంటికి తగిలియుండిన ప్రమాదము. అది చెమటను పీల్చి పట్టియుంచును. నడక ఆగగానే ఆ తడి గడ్డకట్టి దేహపు వేడిని లాగివేయును. అచ్చటి బట్ట మూడు పొరలు. ఒంటిని తాకు పొర చెమటను వెలుపలికి పంపవలెను. నడిమి పొర గాలిని బంధించి వేడి నిలుపవలెను. పైపొర గాలిని, మంచును లోనికి రానీయరాదు. పడుగు పేకల సంగతి తెలిసినవారికి ఈ సూక్ష్మము వెంటనే బోధపడును: వెచ్చదనము దారముల నడుమ చిక్కిన గాలిలో నున్నది.

ఇట్టి బట్టను మనదేశము చాలకాలము పరదేశములనుండి తెప్పించుకొనెను. 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుంచబడిన కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక, ఎత్తైన ఠాణాలకు వలయు దుస్తుల కొనుగోలులో ఆలస్యములు జరిగెననియు, పాత బూట్లను బాగుచేసి వాడవలసివచ్చెననియు తెలిపెను. ఆ నివేదిక వచ్చిన నాలుగు మాసములకే గల్వాన్ జరిగినది. ఆ ఫిబ్రవరిలోనే కేంద్రప్రభుత్వము సాంకేతిక వస్త్రములకై 1,480 కోట్ల రూపాయల జాతీయ పథకమునకు ఆమోదమిచ్చెను. తువ్వాలు, చాదరుల గిరాకి తగ్గినదని మనము వగచుచున్నాము. మన బిడ్డలు వస్త్రశాస్త్రము చదివి ఈ కొత్త నేతను నేర్చినచో అది బ్రదుకుతెరువును అగును, దేశసేవయు అగును.

మరియొక మాట. ఈ సోలాపురము డాక్టరు ద్వారకానాథ కోట్నీసు జన్మించిన ఊరు. ఆయన 1938లో వైద్యబృందముతో చైనాకు పోయి, జపానుతో పోరుచున్న ఆ ప్రజల గాయములకు కట్లు కట్టి, 1942 డిసెంబరు 9న ముప్పదిరెండేండ్ల ప్రాయమున అచ్చటనే తనువు చాలించెను. అట్టి ఊరివారము మనము పొరుగుజాతిని ద్వేషించుట నేర్వరాదు. సరిహద్దును కాపాడుకొందము, ద్వేషమును పెంచుకొనకుందము.

సైన్యమునకు బిడ్డలను పంపు తలిదండ్రులు మనలో నున్నారు. వాని ధైర్యమును వారు నేర్పియే పంపుదురు. వానికి బూటు, కోటు, వెచ్చని గుడారము సకాలమున చేరినవా యని అడుగుట వారి హక్కు. మన ఓట్లు గైకొను ప్రతినిధులు దానికి సమాధానము చెప్పుట ధర్మము. యుద్ధము వచ్చిన దినమున జయజయధ్వానములు చేయుట సులభము. ఆ ప్రశ్నను యుద్ధము లేని వేసవిలో, జోజిలా తెరచియున్న కాలమున, అడుగుట మేలు. మంచు పడిన పిమ్మట అడిగిన ప్రయోజనము లేదు.