సీటుకొక బిడ్డ, బిడ్డకొక బెల్టు

 పట్టాలందుకుంటున్న స్నాతకులారా, మీరు ఫొటోల తొందరలో ఉన్నారని తెలుసు. అయినా కాసేపు కూర్చోండి. నేను చెప్పదలచుకున్నది ఒక్క విషయమే: స్కూలు బస్సులో పిల్లలకు సీటు బెల్టు.

నేను రవాణా శాఖలో అసిస్టెంట్ మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరుగా చేరాను. ఊళ్లలో ఎవరూ అలా పిలవరు, బ్రేక్ ఇన్‌స్పెక్టరు అంటారు. ఏటా మే 15తో స్కూలు బస్సుల ఫిట్‌నెస్ గడువు ముగుస్తుంది. జూన్‌లో బడులు తెరిచేలోగా బస్సులన్నీ మా ముందుకు రావాలి. రోళ్లు పగిలే ఎండలో బ్రేకులు తొక్కి చూసేవాళ్లం. అత్యవసర ద్వారం తెరుచుకుంటుందా, మంటలార్పే సిలిండరుకు గడువుందా, బండి 40 కి.మీ. వేగం దాటకుండా స్పీడ్ గవర్నర్ పనిచేస్తోందా అని చూసేవాళ్లం. ఇవన్నీ అవసరమే. కానీ ఆ బస్సు పల్టీ కొడితే లోపలి పిల్ల ఏమవుతుందన్న ప్రశ్న ఆ రోజుల్లో మా నోట వచ్చేది కాదు.

ఒక కాలువ గట్టు మలుపులో ఆ ప్రశ్న ఎదురైంది. నేను వెళ్లేసరికి పిల్లల్ని ఆస్పత్రికి తరలించారు. బస్సు పక్కకు ఒరిగి పడి ఉంది. టాపు నలగలేదు, బాడీ చెక్కుచెదరలేదు, బ్రేకులు బాగున్నాయి. ప్రాణాలు పోలేదు. కానీ చేతులు విరిగాయి, పళ్లు ఊడాయి, ఒక పాప వెన్నుకు దెబ్బ తగిలింది. గాయాల్లో చాలావరకు పిల్లలు ఒకరి మీద ఒకరు పడడం వల్ల అయినవేనని డాక్టరు గారు చెప్పారు. ఇద్దరి సీట్లో ముగ్గురు కూర్చున్నారు. పైకి లేచిన వైపు పిల్లలంతా కింద ఉన్నవాళ్ల మీద పడ్డారు. యాంత్రిక లోపం లేదని నివేదిక రాశాను. చట్టం అడిగినదానికి అది సరైన జవాబే. ఆస్పత్రి వరండాలో కూర్చున్న ఆ పాప తల్లికి మాత్రం ఆ జవాబు చెప్పలేకపోయాను. అప్పటినుంచి స్కూలు బస్సుల్లో బెల్టులు పెట్టించే పని పట్టుకున్నాను.

మీరు ఇంజినీర్లు, లెక్క చూడండి. గంటకు 40 కి.మీ. అంటే సెకనుకు 11 మీటర్లు. ఆ వేగంలో బస్సు ఠక్కున ఆగితే బెల్టు లేని పిల్ల అదే వేగంతో ముందుకు దూసుకుపోతుంది. ఆరు మీటర్ల ఎత్తు నుంచి కిందపడ్డ మనిషి నేలను తాకే వేగం అది. “మా బస్సు మెల్లగానే పోతుంది సార్” అన్న ప్రతి డ్రైవరుకూ, ప్రతి కరస్పాండెంటుకూ ఈ లెక్కే కాగితం మీద వేసి చూపించాను.

బెల్టు వద్దనేవాళ్లకు పిల్లల మీద ప్రేమ లేదని నేను అనను. వాళ్ల వాదనలో బలముంది. అమెరికాలో 1977 నుంచి పెద్ద స్కూలు బస్సుల సీట్లను ఎత్తైన, మెత్తని వీపులతో దగ్గరదగ్గరగా అమర్చుతున్నారు. బస్సు ఎదురుగా గుద్దుకుంటే పిల్ల ముందు సీటు మెత్తకు తగిలి ఆగుతుంది. ఇది చాలని చాలా రాష్ట్రాలు బెల్టు పెట్టలేదు. కానీ దెబ్బ పక్కనుంచి తగిలితే, బస్సు దొర్లితే ఆ మెత్త ఎవరినీ పట్టి ఉంచలేదు. 2016 నవంబరులో టెనెసీలోని చాటనూగాలో స్కూలు బస్సు చెట్టును ఢీకొని ఆరుగురు పసివాళ్లు పోయారు. ఆ తర్వాత 2018లో అక్కడి జాతీయ రవాణా భద్రతా బోర్డు కొత్తగా వచ్చే పెద్ద స్కూలు బస్సుల్లో నడుమునూ భుజాన్నీ పట్టి ఉంచే బెల్టులు ఉండాలని రాష్ట్రాలకు సిఫారసు చేసింది.

టెక్సస్ కథ ఇంకా ముఖ్యం. 2006లో బోమాంట్ పట్టణపు హైస్కూలు ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు వెళ్తున్న అద్దె బస్సు పల్టీ కొట్టి ఇద్దరు అమ్మాయిలు చనిపోయారు. తల్లిదండ్రులు శాసనసభ మెట్లెక్కారు. 2007లో బస్సుల్లో బెల్టుల కోసం చట్టం వచ్చింది. అయితే దాన్ని ప్రభుత్వ నిధులకు ముడిపెట్టారు, తీరా నిధులు కోసేశారు. ఆ తల్లిదండ్రులు ఇళ్లకు పోయి కూర్చోలేదు. 2017లో మరో చట్టం వచ్చేదాకా తిరిగారు. ఒక బెల్టు కోసం పదేళ్లకు పైగా. ఒక పరీక్ష తప్పితే లోకం మునిగిపోయిందని గది తలుపులు వేసుకున్న నాయనల్లారా, ఆ తల్లిదండ్రుల నుంచి కాస్త ఓపిక నేర్చుకోండి.

మన దేశంలోనూ కదలిక చావుల తర్వాతే వచ్చింది. 1997 నవంబరులో ఢిల్లీ వజీరాబాద్ వంతెన మీంచి స్కూలు బస్సు యమునలో పడ్డాక సుప్రీంకోర్టు స్కూలు బస్సులకు నిబంధనలు పెట్టింది. 2014 జూలైలో మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటులో మన పిల్లల బస్సును రైలు ఢీకొంది. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజ్ మార్గాల్లో అలాంటి గేట్లు లేకుండా చేశారు. రైలు గుద్దితే బెల్టు ఆపదు, ఆ మాట ఒప్పుకోవాలి. బెల్టు అన్నిటికీ మందని ఎవరితోనూ చెప్పకండి. నీళ్లలో పడితే, మంటలంటుకుంటే పిల్లలు బెల్టులో ఇరుక్కుపోరా అని అడుగుతారు. స్పృహ తప్పిన పిల్ల ఎలాగూ బయటికి రాలేదు. బెల్టు ఆ పిల్ల తల పగలకుండా కాపాడుతుంది. ఒక్క నొక్కుతో ఊడే బకిల్ ఉండాలి. దాన్ని విప్పుకుని దిగడం ప్రార్థన నేర్పినట్టు బడిలో నేర్పాలి.

చట్టం కూడా కొంత మన పక్కనే ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 194బి సెక్షను చేర్చారు. 14 ఏళ్ల లోపు పిల్లలను బెల్టుగానీ, పిల్లల కోసం చేసిన ప్రత్యేక సీటుగానీ లేకుండా బండిలో తీసుకెళ్తే 1,000 రూపాయల జరిమానా.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి చెబుతాను. బెల్టుల గురించి యాజమాన్యాలతో కూర్చున్నప్పుడల్లా ఒకటే పాట. పిల్లలు కత్తిరించేస్తారు, ఆయా ఎంతమందికి పెడుతుంది, ఖర్చెవరిస్తారు. అన్నిటికీ జవాబులు పట్టుకెళ్లాను. అయినా కదల్లేదు. ఎందుకో ఒక తల్లిదండ్రుల సమావేశంలో అర్థమైంది. ఒకమ్మ లేచి, “బెల్టు సంగతి తర్వాత, ముందు మా అబ్బాయికి కూర్చోడానికి సీటుందా అండీ?” అంది. హాలంతా నిశ్శబ్దం. నలభై బెల్టులున్న బస్సులో నలభై మందే పడతారు. అరవై మందిని ఎక్కిస్తే మిగిలిన ఇరవై మంది ఎవరో ఐదేళ్ల పిల్లాడికి కూడా కనిపిస్తుంది. బెల్టు పిల్లల్ని పట్టి ఉంచే ముందు వాళ్లను లెక్కపెడుతుంది. యాజమాన్యాలకు భయం ఆ లెక్కంటేనే. అందుకే నా ప్రచారంలో మాట మార్చాను: సీటుకొక బిడ్డ, బిడ్డకొక బెల్టు. ఆ రెండు మాటల్ని విడదీయనివ్వకండి.

మెకానికల్ చదివినవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. పాత సీటుకు బజారులో కొన్న పట్టీ కుట్టి బెల్టు పెట్టామంటారు. పలచని ఫ్లోరుకు బిగించిన సీటు దెబ్బకు ఊడితే పిల్లతో సహా ఎగిరిపోతుంది. సీటు, బోల్టు, ఫ్లోరు కలిసి ఆ దెబ్బను తట్టుకోవాలి. నడుముకు మాత్రమే ఉండే పట్టీ చిన్నపిల్లల విషయంలో పొట్ట మీదికి జారి లోపలి అవయవాలను దెబ్బతీయగలదు. అలాంటి డ్రాయింగు మీ టేబులు మీదికి వస్తే సంతకం పెట్టకండి. పై అధికారి కోప్పడతాడు, పడనివ్వండి. కంప్యూటర్లు చదివినవాళ్లు బస్సు ఎక్కడుందో అమ్మ ఫోనులో చూపించే యాప్‌లు చేశారు, సంతోషం. లోపల బిడ్డ కూర్చుందో నిలబడిందో కూడా ఆ అమ్మకు తెలిసేలా చెయ్యండి.

ఎమ్మెస్‌కు వెళ్లేవాళ్లతో కాస్త గట్టిగానే మాట్లాడాలి. డల్లాస్‌లో కారెక్కగానే బెల్టు పెట్టుకుంటారు. శంషాబాద్‌లో దిగి క్యాబులో వెనక సీట్లో కూర్చుంటే అదే బెల్టు నడుము కింద నలుగుతూ ఉంటుంది. ఏం తల్లీ, మన రోడ్డు మీద ఎముకలు గట్టిపడతాయా? అలారం మోగకుండా ఉత్త బకిల్ ముక్క కొని గుచ్చేవాళ్లూ మీలో ఉన్నారు. ఇంటికి వెళ్లగానే దాన్ని తీసి పారెయ్యండి. పిల్లలు మన మాట వినరు, మనం చేసేది చూస్తారు.

మీలో కొందరు రేపు కొనుగోలు కమిటీల్లో కూర్చుంటారు. కొందరు బస్సు బాడీలు కట్టే షాపుల్లో, కొందరు ఆర్టీఏ ఆఫీసుల్లో పనిచేస్తారు. స్కూలు బస్సుల టెండరులో బెల్టుల గురించి ఒక వాక్యం చేర్చే అధికారం, కొట్టేసే అధికారం మీ కలానికి వస్తుంది. చేర్చండి. ఆ కుర్చీ వచ్చేదాకా కూడా ఆగక్కర్లేదు. వచ్చే జూన్‌లో మీ ఊరి బడికి వెళ్లి, బస్సులో ఎన్ని సీట్లు, ఎంతమంది పిల్లలు, ఎన్ని బెల్టులు అని అడగండి. ఒక్కరు అడిగితే చూద్దామంటారు. పదిమంది అడిగితే కొటేషన్ తెప్పిస్తారు. ఇది నా ఉద్యోగమంతా చూసిన నిజం. వెళ్లి అడగండి. చల్లగా ఉండండి.