బిడ్డ కోసం హెబియస్ కార్పస్: ఎంతవరకు?

పొద్దుటి నుంచి పత్రాలు చదివినవారు నా పని చాలావరకు తేలిక చేశారు. నేను ఒక్క విషయమే పట్టుకుంటాను. బిడ్డ కోసం వేసిన హెబియస్ కార్పస్ పిటిషన్ ఎక్కడ ఆగాలి?

ఈ రిట్ చెరలో ఉన్న మనిషి కోసం వచ్చింది. ఏ అధికారంతో పట్టి ఉంచావని అడగడమే దాని పని. ఆరేళ్ల పిల్ల నాయనమ్మ ఇంట్లో ఉంటే దాన్ని చెర అనలేం. అయినా ఇంగ్లండ్ కోర్టులు దీన్ని పిల్లల తగాదాల్లోకి ఎప్పుడో తెచ్చాయి. 1804లో ఒక తండ్రి, పాలు తాగుతున్న ఎనిమిది నెలల పాపను తల్లి దగ్గర్నుంచి లాక్కుపోయాడు. తల్లి ఈ రిట్‌తోనే కోర్టుకెక్కింది. తండ్రికి చట్టం ఇచ్చిన హక్కుంది, కనుక అక్రమ నిర్బంధం లేదన్నారు. పాప తండ్రి దగ్గరే ఉండిపోయింది. ఏడేళ్లలోపు పిల్లల కస్టడీ కోసం తల్లులు కోర్టును అడగవచ్చన్న చట్టం 1839లో గాని రాలేదు. పాపకు ఏది మేలన్నది ఆ 1804 కేసులో తేల్చాల్సిన ప్రశ్నే కాలేదు.

మన సుప్రీంకోర్టు అంత బిగుసుకుపోలేదు. గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద దారి ఉన్నా ఈ రిట్ తలుపు మూసుకుపోదని 1959లోనే చెప్పింది. 2019లో, తల్లి చనిపోయాక పిన్నమ్మల దగ్గర పెరుగుతున్న పాపను తండ్రికి ఇప్పించింది. ఆ తీర్పులోనే ఒక హద్దూ గీసింది: బిడ్డను ఉంచుకోవడం చట్టవిరుద్ధమైతేనే రిట్, లోతుగా విచారించాల్సి వస్తే సివిల్ కోర్టుకు పొమ్మనవచ్చు. మన వకీళ్లు మొదటి సగం చదివి పిటిషన్ వేస్తారు, రెండో సగం అవతలి వకీలు చదువుతాడు.

ఆ హద్దు ఎందుకో హైకోర్టు హాల్లో కూర్చుంటే తెలుస్తుంది. రిట్ నడిచేది అఫిడవిట్ల మీద. ఆయన తాగుతాడని ఒకటి, ఆమెకు మతి నిలకడ లేదని ఇంకొకటి. రాసినవాళ్లను బోనెక్కించి అడిగేవారుండరు. బడికి వెళ్లి టీచరుతో మాట్లాడేవారుండరు. జడ్జిగారు పిల్లను ఛాంబర్‌లోకి పిలిచి నాలుగు మాటలు అడుగుతారు. దారి పొడుగునా కారులో ఎవరు నూరిపోస్తే వాళ్ల మాటే ఆ పిల్ల నోట వినిపిస్తుంది.

బాలల సంక్షేమ సమితి ఉత్తర్వుల మీద ఈ రిట్ ఇంకా తక్కువ పనిచేస్తుంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ఆ సమితికి మేజిస్ట్రేట్ల బెంచి అధికారాలిచ్చింది, అప్పీలుకు 101వ సెక్షన్ పెట్టింది. పరిధి దాటని ఉత్తర్వును అక్రమ నిర్బంధం అనలేమని అలహాబాద్ ఫుల్ బెంచి 2021లో తేల్చింది. నాకది సబబుగానే తోస్తుంది.

నాకు ఇబ్బందిగా ఉన్నది వేరే. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో బిడ్డను హైదరాబాద్ తెచ్చేసిన కేసులు మనందరికీ తెలిసినవే. అలా దేశం దాటించిన బిడ్డలను వెనక్కి పంపే 1980 హేగ్ ఒడంబడికలో మన దేశం చేరలేదు. అక్కడి కోర్టు ఉత్తర్వు ఇక్కడ పరిశీలించాల్సిన అంశాల్లో ఒకటి మాత్రమేనని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. అలాంటప్పుడు రిట్ కొట్టేసి ఫ్యామిలీ కోర్టుకు పొమ్మంటే, అక్కడి ఒరిజినల్ పిటిషన్ (ఓపీ) తేలేసరికి బిడ్డ భాష మారుతుంది, బడి మారుతుంది. ఇక్కడే కుదురుకుంది, కదిలించవద్దని అప్పుడు వాదిస్తారు. ముందు ఎత్తుకొచ్చినవాళ్లదే గెలుపు.

అందుకే హద్దు తీర్పుకు ఉండాలి గాని తలుపుకు కాదంటాను. హైకోర్టు బిడ్డ ఆచూకీ తీయించాలి, పాస్‌పోర్టు కోర్టులో పెట్టించాలి, బిడ్డకు దూరంగా ఉన్న తల్లి లేదా తండ్రి చూసే రోజులు, ఫోను వేళలు ఖరారు చెయ్యాలి. ఎవరి దగ్గర పెరగాలన్నది మాత్రం సాక్ష్యం విని ఫ్యామిలీ కోర్టే తేల్చాలి, హైకోర్టు పెట్టిన గడువులోగా. అలా పంపిన ఓపీలకు విడిగా జాబితా, విడిగా వాయిదాలు కావాలి. రేపటి తీర్మానాల సమావేశంలో ముందుగా ఈ జాబితా సంగతే తీసుకోమని ప్రతినిధులను కోరుతున్నాను.