స్మరణతో పొదిగేవారు

(మన ఆలయ కల్యాణమండపంలో జరిగిన భక్తుల, దాతల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో కూర్మావతార వైభవాన్ని గురించి ప్రసంగించమని కార్యనిర్వాహకులు నన్ను ఆదేశించారు. నలభై ఏళ్లుగా నేను చెబుతూ వచ్చిన విషయమే అది. అయితే ఈసారి వైభవం కంటే ముందుగా ఒక అపరాధాన్ని మీ ఎదుట విన్నవించుకోవలసి ఉన్నది. ఆ అపరాధం నాది. దానిని నాకు తెలియజెప్పినవారు పాఠశాలలో నాతోపాటు శాస్త్రం చదివినవారు కారు. మన ఊరి సముద్రతీరంలో రాత్రిళ్లు తాబేళ్ల గూళ్లకు కాపలా కాసే ఆరేడుగురు సామాన్యులు వారు.

బాల్యంలో మా గురువుగారు దీక్షాభేదాలను బోధిస్తూ మూడు దృష్టాంతాలు చెప్పేవారు. పక్షి తన గుడ్లను స్పర్శతో పొదుగుతుంది. చేప చూపుతో పొదుగుతుంది. తాబేలు మాత్రం గుడ్లను గట్టున పెట్టి, తాను నీటిలోకి వెళ్లిపోయి, అక్కడినుండి స్మరణమాత్రంతో పొదుగుతుంది. గురువు శిష్యునికి దూరంగా ఉన్నప్పటికీ తలచుకోవడం చేతనే అతనిని ఉద్ధరించగలడని చెప్పడానికి ఈ మూడవ దృష్టాంతం. నేనుకూడా దీనిని ఎందరో విద్యార్థులకు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నా గొంతు గద్గదమయ్యేది. అయినా తాబేలు గుడ్లు పెట్టడాన్ని నేనెన్నడూ చూడలేదు. సముద్రానికి అరకోసు దూరంలో పుట్టి పెరిగినవాణ్ణి, డెబ్బై ఏళ్లు దాటేవరకూ చూడాలని కూడా అనుకోలేదు.

మన జిల్లాలోనే శ్రీకూర్మక్షేత్రం ఉన్నది. విష్ణువు కూర్మరూపంలో ప్రధానమూర్తిగా పూజలందుకునే అరుదైన ఆలయం అది. మధ్వ సంప్రదాయానికి చెందిన నరహరితీర్థులవారి పదమూడవ శతాబ్దపు శాసనం ఆ ఆలయంలో నేటికీ నిలిచి ఉన్నది. అంత ప్రాచీనంగా కూర్మనాథుని కొలిచిన ప్రాంతం మనది. ఆ క్షేత్రానికి నేను ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. మన తీరానికి ఏటా వచ్చే కూర్మాలు ఎక్కడ దిగుతాయో మాత్రం నాకు తెలియదు.

ఇక నా అపరాధం వినండి. మాఘ పౌర్ణమినాడు సముద్రస్నానానికి వేలమంది వస్తారని మీకు తెలుసు. ఒక ఏడు తెల్లవారుజామున చీకటిలో ఒక వృద్ధురాలు మండపం మెట్లమీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నది. అది చూసి మనసు కలతచెంది, నా ఉద్యోగ విరమణ సొమ్ములోంచి కొంత తీసి, తీరమండపం దగ్గర ఎత్తైన స్తంభంపై నాలుగు పెద్ద విద్యుద్దీపాలు పెట్టించాను. స్తంభం మీద మా అమ్మగారి పేరు చెక్కించాను. ఆ వెలుగు సముద్రంలో రెండు మైళ్ల దూరం కనబడుతున్నదని అందరూ చెబుతుంటే సంతోషించాను.

పౌర్ణమి గడిచిన నాలుగోనాడు ఒక యువకుడు మా ఇంటికి వచ్చాడు. అరుగుమీద కూర్చోమన్నా కూర్చోలేదు. "అయ్యగారూ, జాతర అయిపోయింది గదండి. రాత్రిపూట ఆ లైట్లు ఆర్పించండి. పోనీ సముద్రం వైపైనా మూయించండి. పిల్లలు దారి తప్పిపోతాయండి" అన్నాడు.

ఏ పిల్లలని అడిగాను. తాబేలు పిల్లలన్నాడు.

"నాయనా, దేవుని సన్నిధిలో వెలిగించిన దీపాన్ని ఆర్పమని అడగకూడదు. అది అమంగళం" అని చెప్పి పంపేశాను. అతడు మారు మాట్లాడలేదు. నమస్కరించి వెళ్లిపోయాడు. నేను నా సంధ్యావందనానికి కూర్చున్నాను.

ఉగాదికి వారం ముందు, తెల్లవారకముందే స్నానానికి వెళ్లాను. దీపస్తంభం చుట్టూ, దాని వెనక రోడ్డుమీద, నల్లని చిన్న చిన్న వస్తువులు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఎండిన ఆకులనుకున్నాను. దగ్గరకు వెళితే అరచేతిలో ఇమిడేంతటి తాబేలు పిల్లలు. కొన్ని బండ్ల చక్రాల కింద నలిగాయి. కొన్నింటిని కాకులు పొడిచాయి. కొన్ని స్తంభం అడుగున సిమెంటు గోడకు తలలు ఆనించి, ఇంకా కాళ్లు ఆడిస్తూనే ఉన్నాయి, ఆ వెలుగులోకి ఎక్కాలని. ఆ యువకుడు, మరో ఇద్దరు మనుషులు అక్కడే ఉన్నారు. బతికినవాటిని బుట్టలోకి ఎత్తుతున్నారు. చనిపోయినవాటిని లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుంటున్నారు. ముప్ఫై ఏడు. నన్ను చూసి ఎవరూ ఒక్క నిష్ఠురపు మాటైనా అనలేదు. ఆ యువకుడు లేచి, నా దారికి అడ్డంగా ఉన్న బుట్టను పక్కకు జరిపాడు, అంతే. తలెత్తితే స్తంభంమీద మా అమ్మ పేరు కనబడింది.

ఆ రాత్రే వారి వెంట నేనూ నడుస్తానని అడిగాను. డెబ్బై దాటిన ముసలివాడితో వారికి ఏం పని? అయినా కాదనలేదు. అప్పటినుండి ఆ ఋతువులో పదకొండు రాత్రులు వారితో ఉన్నాను. నేను చూసినది, వారివల్ల తెలుసుకున్నది మీకు చెబుతాను.

మన తీరానికి వచ్చేవాటిని ఆలివ్ రిడ్లే తాబేళ్లంటారు. ఒక్కొక్కటి ముప్ఫై అయిదు నుండి నలభై అయిదు కిలోల వరకూ బరువుంటుంది. మనకు ఉత్తరాన ఒడిశాలోని ఋషికుల్య, గహిర్మాత తీరాలలో ఇవి లక్షల సంఖ్యలో ఒక్కసారిగా గట్టెక్కుతాయి. మన తీరంలో ఒకటొకటిగా వస్తాయి. జనవరి నుండి మార్చి వరకూ, అంటే ఇంచుమించు మాఘ ఫాల్గుణ మాసాలలో, అర్ధరాత్రి వేళ ఆడతాబేలు ఒడ్డెక్కి, వెనక కాళ్లతో కుండవంటి గొయ్యి తవ్వి, సుమారు నూరు గుడ్లు పెట్టి, ఇసుకతో పూడ్చి, తిరిగి చూడకుండా సముద్రంలోకి వెళ్లిపోతుంది. ఇక ఆ గుడ్లకు తల్లి లేదు. నలభై అయిదు నుండి అరవై రోజులు ఇసుక వేడిమే వాటిని పొదుగుతుంది. ఆ వేడి సుమారు ముప్ఫై డిగ్రీలకు మించితే ఆడపిల్లలు, తగ్గితే మగపిల్లలు ఎక్కువగా పుడతాయి. గుడ్డులో ఉన్నప్పుడు ఇసుక ఎంత వెచ్చగా ఉన్నదో దానినిబట్టే ఆడో మగో తేలుతుంది.

గుడ్డు పగిలిన పిల్లలు రాత్రివేళ పైకివచ్చి, ఎటు వెలుగు కనబడితే అటు పరుగెత్తుతాయి. మనుషులు దీపస్తంభాలు ఎత్తకముందు, రాత్రివేళ తీరంలో వెలుగు సముద్రం వైపే ఉండేది. నక్షత్రకాంతి నీటిమీద పడి మెరిసేది. ఎన్నో యుగాలుగా అవి నమ్ముకున్న ఆ గురుతును నేను నాలుగు దీపాలతో చెరిపివేశాను.

ఈ కాపలాదారులు ఎవరు? అందరూ మత్స్యకార కుటుంబాలవారే. వేట లేని రోజుల్లో కొందరు కూలికి వెళతారు. అటవీశాఖవారు, సంరక్షక బృందంవారు ఆ నాలుగైదు నెలలకు కొద్దిపాటి గౌరవవేతనం ఇస్తారు. రాత్రి పదకొండుకు బయలుదేరి తెల్లవారేదాకా తీరం వెంట నడుస్తారు. చేతిలో ఎర్రని మసక వెలుతురు లాంతరు మాత్రమే ఉంటుంది. తెల్లని వెలుగు చూస్తే తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనుదిరుగుతుంది. ఇసుకమీద ట్రాక్టరు చక్రపు అచ్చువంటి జాడ కనబడితే దానిని పట్టుకుని గూడు వెతుకుతారు. కుక్కలు, నక్కలు తవ్వకముందే గుడ్లను తీసి, పైకప్పు నీడా చుట్టూ కంచే ఉన్న ఇసుక ఆవరణలో అంతే లోతున మళ్లీ పాతిపెడతారు. కొద్ది గంటల్లోనే ఈ పని ముగించాలి. ఆలస్యమైనా, గుడ్డును తలకిందులు చేసినా లోపలి పిండం నశిస్తుంది. అందుకని ఎక్కడ ఏ ముఖంగా ఉన్న గుడ్డును అలాగే ఎత్తి అలాగే ఉంచుతారు. మా వైదికులు కలశాన్ని కదిలించేటప్పుడు చూపే జాగ్రత్త కంటే అది ఒక పాలు ఎక్కువే.

వారిలో ఒక పెద్దాయన ఉన్నాడు. నా ఈడువాడే. "చిన్నప్పుడు ఈ గుడ్లు తవ్వి తిన్నోళ్లమే అయ్యగారూ, సంతలో అమ్మినోళ్లమే" అన్నాడు. మరి ఇప్పుడెందుకీ శ్రమ అని అడిగాను. కాసేపు నడిచిన తరువాత, "నా వలలో పడి ఒకటి ఊపిరాడక చచ్చిపోయింది. దాని కడుపు నిండా గుడ్లు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు" అన్నాడు. తాబేలు మనలాగే ఊపిరితిత్తులతో శ్వాసించే ప్రాణి. పెద్దపడవల ఈడ్పువలలో చిక్కి పైకి రాలేకపోతే మునిగి చనిపోతుంది. తాబేలు తప్పించుకునే ద్వారం ఉన్న వలలు వచ్చాయి. తూర్పుతీరంలో మరపడవల వేటకు ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకూ నిషేధమూ ఉన్నది. కాని గుడ్ల ఋతువు దానికి ముందే చాలావరకు ముగుస్తుంది. కనుక ఆ నెలలలో వలవేసేవాని దయే వాటికి రక్ష.

భగవద్గీతలో స్థితప్రజ్ఞుని లక్షణం చెబుతూ స్వామి తాబేలును ఉదహరించాడు. అది అవయవాలను లోపలికి ముడుచుకున్నట్లు జ్ఞాని ఇంద్రియాలను నిగ్రహిస్తాడు. అది చెరువు తాబేలుకు సరిపోతుంది. సముద్రపు తాబేలు తలనుగాని కాళ్లనుగాని డొప్పలోకి ముడుచుకోలేదు. ఈ సంగతి వారు చూపిస్తే తెలిసింది. ఆపద వస్తే దాగడానికి దానికి తన డొప్ప కూడా చాలదు. అటువంటి ప్రాణికి రక్ష బయటినుండి రావలసిందే.

ఇప్పుడు మా గురువుగారి దృష్టాంతానికి వస్తాను. తాబేలు స్మరణతో పొదుగుతుందన్న మాట అబద్ధమయిందా? ఇసుక వేడితో పొదుగుతుందని తెలిసిన రాత్రి నాకు నిజంగా దిగులు కలిగింది. తరువాత ఆ ఆవరణలో వరుసగా పాతిన చీటీలు చూశాను. ప్రతి గూటిమీద ఒక కర్ర, దానికొక చీటీ, దానిమీద గుడ్లు దొరికిన తేదీ, సంఖ్య. ఆ పెద్దాయనకు అక్షరాలు రావు. అయినా ఏ చీటీ ముందు నిలబెట్టినా, "ఇది శివరాత్రినాటిది, ఇంకో పన్నెండు రోజులు" అని చెబుతాడు. ఇంట్లో పెళ్లి ఉన్నా, ఒంట్లో జ్వరమున్నా, ఫలానా గూడు ఫలానా రాత్రి విచ్చుకుంటుందని తలచుకుంటూనే ఉంటాడు. అప్పుడు నాకు బోధపడింది. స్మరణ ఉన్నది. తల్లి వదిలివెళ్లిన స్మరణను ఈ మనుషులు మోస్తున్నారు. నలభై ఏళ్లు నేను నోటితో చెప్పిన దీక్షను వారు కాళ్లతో ఆచరిస్తున్నారు.

సముద్రమథన కథ మీకందరికీ తెలిసినదే. పైన దేవతలూ దానవులూ వాసుకిని లాగుతున్నారు. అమృతం కోసం అందరి చూపూ పైనే ఉన్నది. మందరగిరి మునిగిపోకుండా అడుగున మోసినవాడు ఎవరికీ కనబడలేదు. తీరాన చీకటిలో నడిచేవారిని చూసినప్పుడు నాకు ఆ కథే గుర్తుకు వచ్చింది.

దీపాన్ని ఆర్పడం అమంగళం కాదా అని మీరు అడగవచ్చు. నేనే అన్న మాట కదా అది. గర్భాలయంలోని అఖండదీపం వేరు, తీరంలోని విద్యుద్దీపం వేరు. మొదటిది స్వామికోసం. రెండవది మన సౌకర్యంకోసం. మన సౌకర్యానికి మంగళమనే పేరు పెట్టుకుని మరొక ప్రాణిని చీకటిలోకి తోస్తే, ఆ మంగళం స్వామికి చెందదు. ఇది నాకు నేను చెప్పుకున్న తీర్పు.

ఆ వారంలోనే మా అమ్మ పేరున్న స్తంభానికి సముద్రం వైపు రేకు కప్పించాను. మండపం మెట్లకు మాత్రం కిందికి పడే చిన్న దీపాలు పెట్టించాను. వృద్ధులు పడరు, పిల్లలు దారి తప్పవు. ఖర్చు పెద్దది కాదు. ఇంతకుముందే చేయగలిగిన పని. చేయకపోవడం వల్ల పోయినవి ముప్ఫై ఏడు. ఆ సంఖ్యను నేను మరువను.

మన తీరంలో భక్తులు సమర్పించిన దీపస్తంభాలు ఇంకా మూడున్నాయి. ఆ దాతలలో కొందరు ఈ సభలోనే ఉన్నారు. వాటిమీద మీ తల్లిదండ్రుల పేర్లున్నాయి. కప్పు వేయిస్తే వారి కీర్తికి లోటు కలుగుతుందని భయపడకండి. నా తల్లి పేరుమీదే ముందు చేసి చూశాను కనుక ఈ మాట అనగలుగుతున్నాను. మాఘం నుండి చైత్రాంతం వరకూ రాత్రి తొమ్మిది తరువాత సముద్రం వైపు వెలుగు పడకుండా చేయించండి. యాత్రికులు తీరాన ప్లాస్టిక్ సంచులు వదలవద్దు. రాత్రిపూట సెల్‌ఫోన్ దీపాలతో తాబేళ్ల వెంట పడవద్దు. పిల్లలను చేతులలోకి తీసుకుని ఫోటోలు దిగవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఈ తాబేలు ఉన్నది. గుడ్డు తాకినా నేరమే. అయితే చట్టానికి భయపడి కాక, స్వామి ధరించిన రూపమని గౌరవించి దూరంగా నిలబడండి.

ఆ కాపలాదారులకు సన్మానం చేద్దామని ధర్మకర్తలు అన్నారు. అడిగితే వారు శాలువాలు వద్దన్నారు. తడవని బూట్లు, ఎర్రని లాంతర్లకు బ్యాటరీలు, కంచెకు కొత్త వల అడిగారు. దాతలారా, ఇంతకంటే తేలికైన కోరిక మన ఆలయానికి ఎవరూ విన్నవించలేదు.

వెయ్యి పిల్లలలో ఒక్కటి పెద్దదైతే గొప్ప అంటారు. అది పది పదిహేనేళ్లకు తాను పుట్టిన తీరాన్నే వెతుక్కుంటూ వస్తుంది. అప్పటికి నేను ఉండను. ఆ పెద్దాయనా ఉండకపోవచ్చు. అది వచ్చిన రాత్రి మన తీరం చీకటిగా, శుభ్రంగా ఉండాలని, స్మరించే మనుషులు ఇంకా ఉండాలని కూర్మనాథుని ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాను.

స్వస్తి.